ఆమె పోసిన నీళ్లు

పొద్దున్నే క్యాంటీన్ తలుపులు తీసి బల్లలు తుడవడం, కుర్చీలు సర్దడం ఆమె పని. గ్లాసుల్లో నీళ్లు పోయడం మాత్రం వంటామె చూసుకుంటుంది. ఈమె చేతి నీళ్లు చేదు మరి. కూతురు పోయినప్పటి నుంచీ అంతే. ఏ కుళాయి నీళ్లయినా సరే, ఈమె పోసిందంటే కషాయమే. ఎవరూ వింతపడలేదు. కొందరి చేతికి ఉప్పు ఎక్కువ పడుతుంది, ఈవిడ చేతికి చేదు పడుతుంది అనుకుని ఆమె చేతి నీళ్లు మానేసి ఊరుకున్నారు.

మొగుడు ఒక్కడే అలా ఊరుకోలేదు. వడ్రంగం పని నుంచి వచ్చి కుర్చీలో కూలబడగానే "మంచినీళ్లియ్యవే" అంటాడు. ఇచ్చినవి మొహం చిట్లించకుండా చివరి చుక్క దాకా తాగుతాడు. ఆమెకి ఒళ్లు మండిపోయేది.

"కూజా పక్కనే ఉందిగా, మీరే పోసుకోవచ్చుగా? నన్ను ఏడిపించడానికి కాకపోతే!"

ఆయన ఖాళీ గ్లాసు ఆమె చేతికిస్తాడు.

ఆదివారం ఆమె మరిది ఇంటికొచ్చాడు. చర్చిలో పాస్టరు. ఎడారిలో జనం దాహంతో అల్లాడిపోవడం, దొరికిన నీళ్లు కాస్తా చేదుగా ఉండటం, దేవుడు చూపించిన చెట్టును ప్రవక్త అందులో వేయగానే అవి తియ్యగా మారడం, అంతా చెప్పుకొచ్చాడు.

"చేదు నీళ్లది కాదు వదినా, మనసుది. లోపల దాచుకున్నదాన్ని తీసి దేవుడి ముందు వెయ్యాలి. అప్పుడే మనిషి మళ్లీ కొత్తగా పుడతాడు."

"మనసుదేనా? అయితే ఇది తాగి చెప్పు నాయనా" అని గ్లాసు నింపి ఇచ్చింది.

పాపం, ఒక్క గుక్క పుచ్చుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. ఆమెకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

"దాచుకున్నది ఉంది. ఆపరేషన్‌కి ముందు నీళ్లు పట్టొద్దని నర్సు చెప్పింది. పిల్ల నా చెయ్యి పట్టుకుని 'అమ్మా, ఒక్క గుక్క' అని బతిమాలింది. నేనివ్వలేదు. దాహంతోనే పోయింది నా తల్లి."

కుర్చీలో కూర్చున్న మొగుడు కదిలాడు. 

"దాహంతో పోలేదే. నువ్వు మందులకని కిందికెళ్లావు. నేను తాగించాను, గ్లాసు నిండా. మత్తిచ్చాక ఆ నీళ్లే పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయాయట. నీకు చెప్పొద్దని డాక్టరు కాళ్లు పట్టుకున్నాను."

పాస్టరు కిటికీ దగ్గరి నుంచి వచ్చి తల దించుకుని కూర్చున్నాడు.

ఆమెకి ఈ మనిషిని చంపెయ్యాలనిపించింది. ఆ తరవాత, తనకే సిగ్గేసేలా, వేరే మాట నోటికొచ్చింది.

"తాగి ఏమంది?"

"'హమ్మయ్య' అంది."

ఆమె లేచింది. ఎప్పటిలాగే కూజా వంచి గ్లాసు నింపి ఆయనకిచ్చింది. ఎప్పటిలాగే ఆయన కళ్లు మూసుకుని ఎత్తాడు. ఒక గుక్క తాగి ఆగిపోయాడు. చేతిలో గ్లాసు పక్కకి ఒరిగింది.

"చేదు ఏదే?" అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఇలా ఇస్తే నేనెట్లా తాగేది?"

క్షమించానని ఆమె అనలేదు. ఆ మాట ఆమె దగ్గర లేదు. ఒలికిపోకుండా గ్లాసు అడుగున చెయ్యి పెట్టి, "తాగండి" అంది.