నావి కాని కుక్కలు

సారపాకలో ఆ వీధిలో ఉన్నన్నాళ్ళూ నా చేతిలో ఉన్నవి ఇవి: బసవపున్నయ్యగారి ఇంటి పక్కన ఆయనవే రెండు గదులు కిరాయికి, వెనక రేకుల షెడ్డు, అందులో కొన్ని ఉప్పు బస్తాలు, చర్ల దాకా సంతల్లో మేకతోళ్ళు నాకే అమ్మే మనుషులు. వీటన్నిటికంటే విలువైనది ఇంకొకటి ఉంది. పని లేకపోయినా ఆగి, "షుకూర్ భాయ్, ఏంది సంగతి" అని పలకరించే వీధి. తోళ్ళ వ్యాపారికి జనం మధ్య ఇల్లు దొరకదు. వాసన అంటారు. అందుకే సంత దగ్గరే తోళ్ళు గీకించి, ఉప్పు పట్టించి, చుట్టలు కట్టించి అమ్మినవాళ్ళ చేతే తెప్పించేవాణ్ణి. వీధిలో నన్ను ఉండనివ్వడమే నా అసలు పెట్టుబడి.

ఎనభై ఆరులో గోదావరి పొంగినప్పుడు పల్లపు ఊళ్ళవాళ్ళు మా మెరకకు వచ్చి తలదాచుకున్నారు. వరద తీశాక వెళ్ళిపోయారు. వాళ్ళ వెంట వచ్చిన కుక్కల్లో నాలుగు మాత్రం వెళ్ళలేదు. పగలంతా నా షెడ్డు నీడలో పడుకునేవి. కొత్త మనిషో, సైకిలో కనిపిస్తే లేచి మీదికి పోయేవి. నేను వాటికి ఒక్కనాడూ ముక్క వేయలేదు. వాటి మూతి తగిలితే నా భార్య షాకేరా చీర మార్చుకుని గానీ నమాజుకు నిలబడదు. ఇంక పెంచే మాట ఎక్కడిది?

కాగితం మిల్లులో కాంట్రాక్టు పనిచేసే పిచ్చయ్య ఒకరోజు షెడ్డు ముందు సైకిలు దిగి నడిపించుకుంటూ అన్నాడు: "భాయ్, నీ కుక్కలకు జర చెప్పరాదే. నేను ఈ వీధి అల్లుణ్ణి, దొంగను కాదని."

"అల్లుడివని తెలిసే ఎదురొస్తున్నయి" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హాస్యానికి అడ్డం చెప్పి మనుషుల్ని పోగొట్టుకునే అలవాటు నాకు లేదు. ఆ నవ్వుతో అవి 'షుకూర్ భాయ్ కుక్కలు' అయ్యాయి.

వానలు వెనకబట్టాక, బోరింగు దగ్గరి నుంచి బిందె తెస్తున్న భారతమ్మగారి పిక్క పట్టుకుంది వాటిలో ఒకటి. ఆమె బసవపున్నయ్యగారి భార్య. కేక విని ముందు పరుగెత్తింది షాకేరానే. నేను రిక్షా పిలిచాను. బొడ్డు చుట్టూ సూదులు పూర్తయ్యేదాకా ఆమెను రోజూ వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను. కిరాయి, మందులు అన్నీ నేనే పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. చిన్న ఖర్చుతో పెద్ద మాట ఆగిపోతుందని నా లెక్క.

సూదులు అయిపోయాక బసవపున్నయ్యగారు నన్ను అరుగు దగ్గరికి పిలిచారు. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న మనిషి. వీధిలో ఆయన మాటే మాట. మగవాళ్ళంతా చేరి ఉన్నారు.

"కుక్కల సంగతి తేల్చు షుకూరూ" అన్నారు.

"అవి నావి కావండీ."

"నీవి కాకపోతే డబ్బులెందుకు పెట్టావయ్యా?"

"అమ్మ నొప్పితోటి ఏడుస్తాంటే చూసుకుంట కూసోవాల్నా?"

"మేమంతా చూశాంగా. ఇందరిలో నువ్వొక్కడివే జేబులో చెయ్యి పెట్టావు. సంబంధం లేనివాడు పెడతాడా?"

ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. పిచ్చయ్య వైపు చూశాను. అతను వంగి చెప్పు సరిచేసుకున్నాడు.

"నెలాఖరుకు ఖాళీ చెయ్యి. నువ్వెళితే అవీ వెళతాయి" అన్నారు బసవపున్నయ్యగారు.

పంచాయతీ ఆఫీసుకు పోయి కుక్కల్ని పట్టించమని అడిగాను. గుమస్తా కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"దిక్కులేని కుక్కలైతే మేం చూస్తం. ఓనరున్న కుక్కల్ని ఓనరే చూసుకోవాలె. మీ వీధోళ్ళు నీవంటున్నరు గద."

"నావైతే నీ దగ్గరికెందుకొస్త సార్?"

"నీవి కాకుంటే నీకేం పని? వీధోళ్ళు ఒక్కరన్న రాలేదాయె."

సామాను సర్దుతూ షాకేరా అంది: "వాటిని గూడ మూటకట్టాల్నా? విడిచిపెట్టిపోతే మళ్ళ గదొక నేరమంటరేమో."

బండి కదిలింది. కుక్కలు షెడ్డు నీడలోంచి తల ఎత్తి చూసి మళ్ళీ పడుకున్నాయి. ఒక్కటీ వెంట రాలేదు. ఇప్పుడైనా చూస్తారని అరుగు వైపు తిరిగాను. అరుగు మీద ఎవరూ లేరు.

జామాయిల్ తోటల వెనక ఒంటి షెడ్డు దొరికింది. అంత దూరం మోసుకురాలేక సంత మనుషులు దారిలోనే వేరే వ్యాపారికి అమ్మసాగారు. షాకేరాకు పలకరించే మనిషి లేదు. నేను రాగానే ఎవరెవరు ఏమన్నారో మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. చెప్పడానికి నా దగ్గర రోజురోజుకూ తక్కువయ్యేది.

ఎండాకాలంలో భారతమ్మగారు మామిడికాయ పచ్చడి పెట్టానని, వచ్చి తీసుకుపొమ్మని కబురు చేశారు. షాకేరా ముఖం చాలా రోజులకు వెలిగింది. "మళ్ళ రమ్మంటరేమో, అడుగు" అంది. ఆ ఆశ నాకూ ఉంది కాబట్టే పోయాను.

వీధి మొదట్లోనే కుక్కలు లేచాయి. వాటి లెక్కలో నేనిప్పుడు కొత్త మనిషిని. నాలుగూ చుట్టుముట్టాయి. ఒకటి మోకాలి కింద పళ్ళు దించింది. పిచ్చయ్య కర్ర తీసుకుని ఉరికి వచ్చి వాటిని తరిమాడు.

"చూస్తివి గద పిచ్చయ్యా" అన్నాను, నెత్తురు కారుతున్న కాలు పట్టుకుని. "నా కుక్కలైతే నన్ను కరుస్తయా?"

"నీవెందుకైతయి భాయ్" అన్నాడు, నేనేదో వింత మాట అన్నట్టు. "అవి రామ్‌సింగ్ కుక్కలు గద."

రామ్‌సింగ్ అంటే నా గదుల్లోకి కిరాయికి వచ్చినవాడు. సంతల్లో బట్టలు అమ్ముతాడు. అతనే సబ్బు, చెంబుతో బయటికి వచ్చి నా గాటు కడిగాడు.

"రిక్షా పిలిచిన భాయ్. సూదుల ఖర్చంత నేను పెట్టుకుంట."

"పెట్టకు. పెడితే ఆ కుక్కలు నీవైతయి."

అతను నవ్వాడు. "ఎంత ఖర్చు గని? మాట రాకుండ ఉంటది."

అరుగు మీద బసవపున్నయ్యగారు మమ్మల్నే చూస్తున్నారు. పిలవలేదు. భారతమ్మగారు జాడీ తెచ్చి రిక్షాలో నా ఒళ్ళో పెట్టి, కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ రమ్మంటారా అని నేను అడగలేదు.

వంతెన ఎక్కేసరికి నా చేతికి వచ్చినదేమిటో చూసుకున్నాను. ఒక జాడీ పచ్చడి, కాలికి గాటు, ఆ కుక్కలు నావి కావన్న రుజువు. ఆ రుజువు ఇప్పుడు పక్కన కూర్చున్న రామ్‌సింగ్‌కు తప్ప ఎవరికీ పనికిరాదు. ఖర్చు పెట్టొద్దని దారి పొడుగునా చెప్పాను. అతను వింటూనే వంతెన అవతల దవాఖానా ముందు దిగి, కిరాయి తీసి రిక్షావాడి చేతిలో పెట్టాడు.