పావుగంట చేప

సీసాలు కడిగే ఆ షెడ్డులో కోతల మేస్త్రి చెప్పే చేప కథకు సరిగ్గా పావుగంట పడుతుంది. టీ గంట కొట్టగానే మొదలెడితే, మళ్ళీ పనిగంట కొట్టేసరికి చేప ఒడ్డున పడుతుంది. గంటైనా తప్పుతుందేమో గాని చేప తప్పదని అక్కడందరి నమ్మకం. ఒక్క ఆయన బావమరిది మాత్రం సగంలోనే లేచిపోయేవాడు. "మా అక్క నిన్నెలా భరిస్తోందో బావా" అనేవాడు.

ఆ బావమరిదే ఆ రోజు డ్రమ్ము అడుగున గడ్డకట్టిన కాస్టిక్ సోడాని వదిలిద్దామని మగ్గుడు నీళ్ళు అందులో కొట్టాడు. నీళ్ళలో సోడా వెయ్యాలి గాని సోడా మీద నీళ్ళు పొయ్యకూడదని గోడ మీద గుమ్మడికాయలంత అక్షరాలతో రాసే ఉంది. కళ్ళకు పెట్టుకోవాల్సిన అద్దాలేమో నుదుటి మీదున్నాయి, చూసేది నుదురే అన్నట్టు. డ్రమ్ము బుస్సుమంది. అడుగున ఉన్నది ఉడికి ఎగిరి మొహాన పడింది.

మేస్త్రి పరుగెత్తుకొచ్చేసరికి వాడి చేతులు కళ్ళ మీదికి పోతున్నాయి.

"నలపకు" అంటూ తొడుగులున్న చేతులతో వాణ్ణి కుళాయి కిందికి ఈడ్చి, తల వంచి నీళ్ళు వదిలాడు. చొక్కా చింపి అవతల పారేశాడు. సూపర్‌వైజరు అంబులెన్సుకు ఫోన్ చెయ్యడానికి ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు.

వాడి బుగ్గ సబ్బు రాసినట్టు జారుతోంది. ఆ జారుడు చర్మం కరుగుతున్న జారుడని శిక్షణలో చెప్పారు.

క్యాంటీన్ అత్త వెనిగర్ సీసాతో వచ్చింది. "పులుపు పోస్తే సోడా చస్తుంది నాయనా."

"ఆ రెండూ కలిస్తే పుట్టే వేడికి కన్ను కూడా చస్తుంది. నీళ్ళే అత్తా, ఇంకేం వద్దు."

వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకున్నాడు.

"చాలు బావా. మంట తగ్గింది. వదులు."

తగ్గిందో, కన్నే పోయిందో ఎవడికి తెలుసు? కనీసం పావుగంట కడగాలి. గోడ గడియారం ఆవిరి తాగి ఎప్పుడో ఆగిపోయింది. ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఉన్నాయి. భయంలో రెండు నిమిషాలే రెండు గంటలౌతాయి. మేస్త్రికి నమ్మకమైన పావుగంట ఒక్కటే ఉంది.

"మా తాత ఒకరోజు గాలం వేసి కునుకు తీశాడు" అని మొదలెట్టాడు.

"ఇప్పుడా బావా?"

"ఇప్పుడే. ఈసారి లేచిపోలేవు. కళ్ళజోడు జారి ఏట్లో పడితే చేప మింగింది. ఇక చూడు, దానికి గాలాలన్నీ కనిపించడం మొదలెట్టాయి. ఎరలో ఉన్నది పురుగో, పురుగు మేనమామో కూడా చెప్పేసేది."

గొంతు వణికితే కథ పరుగెడుతుంది. కథ పరుగెడితే పావుగంట పది నిమిషాలౌతుంది. అందుకని పంటి బిగువున ఒక్కో పొలుసూ లెక్కపెట్టి మరీ చెప్పాడు. "అప్పట్నుంచి తాతకి కళ్ళు..." అన్నాడో లేదో, నోరు పడిపోయింది. రోజూ అందరూ నవ్వే చోటే అది. ఇంటికెళ్ళి వీళ్ళక్కకి ఏ మొహంతో చెప్పడం?



"తాతకి కళ్ళు?" అన్నాడు బావమరిది, ఆ నీళ్ళ కిందనుంచే.

"కనపడక, గేదెని మామ్మ అనుకుని పొద్దుగూకేదాకా దెబ్బలాడాడు. గేదె ఎదురు చెప్పలేదు. మామ్మ మారిందని తాత తెగ సంబరపడ్డాడు."

వాడి భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

చేప ఒడ్డున పడింది. అంబులెన్సు రాలేదు. మేస్త్రి చేపని మళ్ళీ ఏట్లోకి తోసి రెండోసారి పట్టడం మొదలెట్టాడు. అది సగం పడేసరికి బండి వచ్చింది.

ఆసుపత్రిలో కళ్ళు మళ్ళీ కడిగారు. డాక్టరమ్మ వేళ్ళు చూపించింది. కుడికంటితో "మూడు" అన్నాడు. తర్వాత ఎడమకన్ను తెరిచాడు.

"మంచులా ఉంది. అందులో ఏదో కదులుతోంది."

"నా వేళ్ళే. ఈ కంటి సంగతి వారం పోతే గాని చెప్పలేను" అందామె.

తడిబట్టలతోనే మేస్త్రి గోడకు జారబడ్డాడు.

"బావా, చేపలో ఉన్న కళ్ళజోడు బాగానే ఉందా, పగిలిందా? చెప్పనే లేదు."

ఆ సరికి రోజూ పనిగంట కొట్టేస్తుంది కాబట్టి ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మేస్త్రి నోరు తెరిచాడు గాని, జన్మలో మొదటిసారి కోత రాలేదు.

"వారం ఆగరా" అన్నాడు. "చూసి చెబుతాను."