నలభై బిళ్లల పొట్టేలు

పంజాగుట్టలో బీమా ఆఫీసు మెట్ల కాడ ఆఫీసరు రామ్మోహనరావు వంగి, ఒక పొట్టేలు మెడలో బిళ్లలు లెక్కబెడుతున్నడు. కంపెనీవాళ్లు గొర్రెల చెవులకు కుట్టిన పసుప్పచ్చ బిళ్లలవి. నలభై లెక్కకొచ్చినయి.

"నలభై గొర్రెలూ ఇక్కడే ఉన్నాయి కదయ్యా. చచ్చిందేంటి?" అన్నడు నడుము పట్టుకుని లేస్తూ.

పొట్టేలు తాడు కాపరి ఐలయ్య చేతిల ఉన్నది. పుష్యమాసం ముసురుకు, ఈదురుగాలికి, రెండు రోజుల్ల అతని మంద కట్టెలై పడ్డది. మిగిలింది ఈ పొట్టేలు. అప్పటి నుంచి అతనికి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. సొంత చెయ్యి సుత పక్కోనిది లెక్క ఉంటున్నది. బొగ్గుల కుంపటే నాకు గొంగడి కప్పుండ్రని అడిగిన చలి అది. ఇది తోటి కాపరి రాజనర్సయ్య మాట, పావు వంతు నమ్మినా చాలు.

చచ్చిన గొర్రె చెవికి బిళ్ల ఉంటేనే బీమా పైసలు. తప్పంటే గొర్లు కాసే కురుమోళ్ల తప్పే. బిళ్ల కుట్టిన చెవి చీము పట్టింది. ముఖం చూసి పేరుతో పిలిచే గొర్రెకు నంబరెందుకని విప్పిండ్రు. పారేస్తే ఆఫీసరు తిడతడని దారానికి గుచ్చి, మంద ముందు నడిచే పొట్టేలుకు దండ వేసిండ్రు. ఊరూరా ఇదే నిర్వాకం.

వెంట వచ్చిన వందమంది కాపర్లలోంచి రాజనర్సయ్య ముందుకొచ్చిండు. "బిళ్లలు పక్కకు పెట్టు సారూ. వాన కొలిచి పల్లి పంటకు బీమా ఇస్తున్నరు. చలి కొలిచి గొర్రెకు సుత ఇయ్యుండ్రి. చెవి అడగొద్దు, శవం అడగొద్దు."

"కొలిచాం. సిటీ లెక్కలో ఆ వారం అంత చలేం లేదు."

"సిటీల గొర్లెవడు కాస్తుండు?" అన్నది బీరమ్మ, గొంగడి భుజాన సర్దుకుంటూ. "మిషన్ మా గుట్ట మీద పెట్టు. కాదంటే ముసురుల వచ్చి మా దొడ్లె పండు. నిన్నే కొలుస్తం."

జనం నవ్విండ్రు. అమీర్‌పేట కోచింగ్ పిల్లలు బస్సు వదిలేసి నిలబడ్డరు. వాళ్ల చేతిలోని జావా కోర్సు కరపత్రాన్ని పొట్టేలు నమిలి మింగింది. మూడు నెలల కోర్సు ముప్పై నములుళ్లల్ల అయిపోయింది.

రామ్మోహనరావు ఐలయ్యను గేటు పక్కకు పిలిచిండు. "మీ ఒక్కరి బీమా నేను పాస్ చేయిస్తా. సంతకం పెట్టి వీళ్లను తీసుకెళ్లండి."

"వీళ్లయి?"

"వాళ్ల సంగతి మీకెందుకండీ?"

గేటు కాడి వాచ్‌మన్ బాబూ మియా చెవిల చెప్పిండు: "పెట్టు భాయ్. నేను సుత మేకలు కాసినోన్నే. లేకుంటే రేపు నా పక్కన గిట్లనే స్టూలేసుకుని కూసుంటవ్."

పెన్ను ఐలయ్య చేతికొచ్చింది. పెడితే ఉగాదికి మంద. పెట్టకుంటే స్టూలు. ఎటు చూసినా లోపల ఏమీ కదల్లేదు. పెన్నుకు మూత పెట్టి ఆఫీసరు జేబులోనే గుచ్చిండు.

"ఒంటి గొర్రె నిలువది సారూ," అని పోయి మెట్ల మీద కూసున్నడు.

అతని వెనక బీరమ్మ, రాజనర్సయ్య. వాళ్ల వెనక గొంగళ్లు పరుచుకుంటూ వందమంది, రోడ్డు దాకా. ఆఫీసరు కారు లోపలే ఉండిపోయింది. గంటలో పోలీసు వ్యాన్లు వచ్చినయి. అందర్ని వ్యాన్లు ఎక్కిస్తుంటే, పొట్టేలు తాడు ఎవరూ అడగకముందే బాబూ మియా పట్టుకున్నడు.

ఠాణాల కానిస్టేబుల్ పుస్తకం తెరిచిండు. "ఏం పని చేస్తవ్?"

"గొర్లు కాస్త."

"ఎన్నున్నయి?"

"ఒకటి."

"ఒక్కదాన్ని కాసుడు పనెట్లయితదే? వేరేదన్న చెప్పు."

"చలి కొలిచే మిషన్ మా గుట్ట ఎక్కేదాక గిదే రాయి."

కానిస్టేబుల్ రాసిండు. వెనక రాజనర్సయ్య అదే మాట చెప్పిండు. బీరమ్మ అదే చెప్పింది. మధ్యాహ్నం దాకా ఆ ఒక్క మాటే రాసి రాసి కానిస్టేబుల్ వేళ్లు తిమ్మిరెక్కినయి. అప్పటికి పంజాగుట్టలో ఖాళీ చేయించిన మెట్ల మీద, ఇంకో రెండు మండలాల కాపర్లు బస్సు దిగి వచ్చి కూసున్నరు.