ఇక్కడ ఆరుగురు అమ్మలున్నారు

ఒసాకాలో మొదటి తెల్లవారుజామున నేను చేసిన పని బియ్యం కడగడం.

మేం దిగిన బసలో నడవా చివర అందరికీ కలిపి ఒకటే సింకు. ఒకప్పుడు రోజుకూలీలు తలదాచుకున్న గదుల్నే కాస్త రంగేసి మాలాంటి వాళ్లకి చవగ్గా ఇస్తున్నారు. మూడు చాపలు పరిచేంత గది, స్నానాల గది లేదు. ఏప్రిల్ నీళ్లకి వేళ్లు మొద్దుబారుతున్నాయి. గదిలో మా ఆయన మొరిహికో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రైస్ కుక్కర్ ఇంటి నుంచి నేనే మోసుకొచ్చాను, నా రెండు స్వెట్టర్లలో చుట్టి. "మధ్యాహ్నాలు బయట తింటే ఎంతవుతుందో తెలుసా? కుక్కర్ పట్టుకెళ్తే ఆ ఖర్చే ఉండదు" అన్నాడాయన, బయల్దేరే ముందు. ఈ తెలివి తనదేనని పక్కింటి వాళ్లకి కూడా చెప్పుకున్నాడు. తెలివి ఆయనది. మోత నాది, కడగడం నాది, వేడన్నాన్ని ఉప్పుచేత్తో ముద్దలు చుట్టి మధ్యలో ఊరేసిన పుల్లపండు పెట్టడం నాది. లోకం పొదుపని మెచ్చుకునే దాంట్లో సగం ఎవరో ఒక ఆడదాని నడుం నొప్పి. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గనకే అది పొదుపు.

నా గురించి కూడా చెప్పాలి. నా పేరు నత్సుయో, నాకు యాభై ఏడేళ్లు. మాది షిమనేలో కొండల మధ్య చిన్న ఊరు. ఆయన రైతు సహకార సంఘం ఆఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్లు చేసి మార్చిలో రిటైరయ్యాడు. పూలగుత్తి ఇచ్చారు, ఫొటో తీశారు. "ఇన్నేళ్లు కష్టపడ్డాను, నాలుగు రోజులు ఒసాకా చూసొద్దాం" అన్నాడు. నేను పచ్చళ్ల ఫ్యాక్టరీలో ముల్లంగి తరిగే పని చేస్తాను. ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు ఎనిమిది గంటలు నిలబడే తరిగేవాళ్లు. కూర్చోడానికి స్టూళ్లు కావాలని కాగితం రాసి, పందొమ్మిది మంది చేత ముద్రలు వేయించి, మేనేజరు బల్ల మీద పెట్టింది నేనే. రెండు నెలలు తిప్పించాడు. పోట్లాడి తెప్పించాను. ఆ మేనేజరుని నిలదీసిన నోరు ఇంటి గడప దాటగానే ఎక్కడికి పోయేదో నాకే తెలిసేది కాదు. ఇంట్లో స్టూలు అడగాలని కూడా నాకు తట్టలేదు.

ఈ ప్రయాణంలో నేను కోరింది ఒకటే. ముల్లంగి పెట్టెల అడుగున పరిచిన పాత పేపర్లో మూడేళ్ల కిందట చదివాను, ఒసాకాలో నదుల మీద నగరం వాళ్లే నడిపే చిన్న పడవలున్నాయని. మనుషులూ సైకిళ్లూ ఎక్కొచ్చు, టికెట్ లేదు, అవతలి ఒడ్డుకి దించుతాయి, అంతే. కొండల్లో పుట్టి కొండల్లో కాపురం చేసినదాన్ని, ఎప్పుడూ పడవ ఎక్కలేదు. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి, మళ్లీ ఇంకో పడవ, రోజంతా అలా తిరగాలని నా ఆశ. మూడో రోజు పడవలకని ఇంట్లోనే అనుకున్నాం. నాలుగో రోజు మొత్తం ఊళ్లో వాళ్లకి మిఠాయి పెట్టెలు కొనడానికే సరి. ఊరెళ్లి వట్టి చేతుల్తో వస్తే మా అత్తగారు వీధిలో తలెత్తుకోలేదట. జాబితా ఆవిడ చెప్పింది, రాసింది నేను, మొయ్యాల్సింది కూడా నేనే.

మొదటి రోజు స్టేషన్లో ఎస్కలేటర్ ఎక్కి ఎడమ పక్క నిలబడ్డాం. టీవీలో టోక్యో జనం అలాగే నిలబడతారు, పెద్ద ఊళ్లన్నీ అంతేననుకున్నాం. ఒసాకాలో కుడి పక్క నిలబడాలి. వెనక జనం ఆగిపోయారు. ఎవరో కుర్చీ జరిపినట్టు నన్ను మెల్లగా పక్కకి జరిపారు. ఆయన గబుక్కున కుడికి మారి, నా వైపు తిరిగి, "ఇవన్నీ ముందే తెలుసుకోవద్దా అమ్మా?" అన్నాడు. ఊరంతా నేను కట్టించినట్టు.

అమ్మా అంటే నేనే. మా వైపు పిల్లలు పుట్టిన రోజు నుంచి మొగుడు కూడా పెళ్లాన్ని అమ్మా అంటాడు. నేనూ ఆయన్ని నాన్నా అంటాను. మా అబ్బాయి హిరోషిమాలో కాపురం పెట్టి ఆరేళ్లయింది. ఇంట్లో అమ్మా అనాల్సిన వాళ్లెవరూ లేరు, అయినా నా పేరు తిరిగి రాలేదు.

ఆ రోజు ఆయన ముందు, నేను మూడడుగులు వెనక, భుజాన మంచినీళ్ల సీసా, అన్నం ముద్దలు. దారి తప్పితే ఆయన ఆగిపోతాడు. ఆగి నా వైపు చూస్తాడు. నేను వెళ్లి ఎవర్నో అడిగొస్తాను. మళ్లీ ఆయన ముందు. పార్కు బల్ల మీద ముద్దలు తిని, "ఉప్పు తగ్గింది" అన్నాడు.

సాయంత్రం వీధి చివరున్న స్నానశాలకి వెళ్లాం. గుమ్మం దగ్గర మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు. మధ్యలో గోడ, కానీ అది పైకప్పు దాకా ఉండదు. మాటలు పైనుంచి అటూ ఇటూ దాటుతుంటాయి. "ముప్పావు గంట" అన్నాడాయన చెప్పులు విప్పుతూ.

ఒళ్లు రుద్దుకుని తొట్టిలో దిగాను. ఆ వేడి మోకాళ్ల దగ్గర మొదలై మెడ దాకా వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్తాను. మా ఇంట్లో ఒక తొట్టి నీళ్లలోనే అందరూ వరసగా దిగుతారు. మొదట మగాళ్లు, తర్వాత అత్తగారు, చివర కోడలు. నేను దిగేసరికి నీళ్లు గోరువెచ్చగా, పైన ఎవరివో వెంట్రుకలతో ఉంటాయి. కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఒకసారి నోరు జారి అడిగాను, ఒక్క రోజు నేను ముందు దిగనా అని. "చివర దిగినవాళ్లే తొట్టి కడగాలి. నువ్వు ముందు దిగితే నేను కడగాలా?" అంది అత్తగారు. మా ఆయన పేపరు తిప్పాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంటిల్లిపాది ఒంట్లోకి పోయాక మిగిలిన వేడిలో స్నానం చేశాను. ఇక్కడ నీళ్లు అందరికీ ఒకటే వేడి.

ఇరవై నిమిషాలు కూడా కాలేదు. తల రుద్దుకుంటున్నాను. గోడ మీంచి ఆయన గొంతు దిగింది. "అమ్మా, వెళ్దాం."

ఆరుగురు ఆడవాళ్లు తలలెత్తారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అది తమ వాళ్ల గొంతు కాదని తెలిశాక మళ్లీ తలలు దించుకున్నారు. నేను మాత్రం నురగ సగమే కడుక్కుని పరిగెత్తాను. పక్కన వీపు రుద్దుకుంటున్న ముసలావిడ, "ఎక్కడికి అమ్మాయ్, ఇల్లేమైనా తగలబడుతోందా?" అంది. తడి జుట్టుతో బయటికొచ్చేసరికి ఆయన ఇంకా లోపలే, స్నానమయ్యాక తాగడానికి అక్కడ అమ్మే చల్లటి పాలు తాగుతున్నాడు. ఆయన రావడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ చలిగాలిలో నిలబడి నేను కోపం తెచ్చుకోలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు కోపం వస్తోంది.

రెండో రోజు వాన. ఆయన చూడాలనుకున్న కోటకి వెళ్లలేకపోయాం. గదిలో కూర్చుని, కిటికీలోంచి చూస్తూ, "కోట రేపు చూద్దాం" అన్నాడు.

రేపు పడవలు కదా అన్నాను.

"అవేం చూడ్డానికా? ఫ్యాక్టరీల వాళ్లు పనికెళ్లే పడవలవి. డబ్బులడగట్లేదంటేనే తెలియట్లేదా, అక్కడ ఏమీ ఉండదని."

ప్రయాణమంతా ఉచితంగా వచ్చేదాని కోసం వెతికిన మనిషి. ఉచితంగా పంచే కాగితపు విసనకర్రలు కూడా రెండు తీసుకున్న మనిషి. నేను అడిగిందాని దగ్గరికి వచ్చేసరికి ఉచితం చవకబారుదైపోయింది. ఏదో అనబోయాను. ఆయన అప్పటికే టీవీ పెట్టాడు. నేను మాట్లాడితే మౌనంగా ఉండిపోతాడు, ఒక్కోసారి మూడు రోజులు. మూడు చాపల గదిలో ఆ మౌనంతో ఎలా బతకాలి? ఎల్లుండి మిఠాయి పెట్టెలు. రేపు కాకపోతే ఇంక లేదు. ఇంకో మూడేళ్లు కాదు, ఇంకెప్పటికీ ఉండదని నాకు తెలుసు.

సాయంత్రం మళ్లీ స్నానశాల. "నిన్నటిలా ఆలస్యం చెయ్యకు" అన్నాడు గుమ్మం దగ్గర.

ముసలావిడ అప్పటికే తొట్టిలో ఉంది. పేరు కిమి గారట, పక్క వీధిలో ఇస్త్రీ కొట్టు. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం చూశారు, అంతా లాగింది. పడవల మాట చెప్పాను. ఇంతవరకు ఎవరికీ చెప్పనంతగా చెప్పాను, పేపరు ముక్క దగ్గర్నుంచి. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. "మా ఆయన బతికున్నప్పుడు రోజూ ఆ పడవ మీదే పనికి పోయేవాడు. నీళ్లకి బాగా దగ్గరగా పోతుంది, చెయ్యి జాపితే తగులుద్ది" అంది.

అప్పుడే గోడ మీంచి, "అమ్మా, వెళ్దాం."

తలలు లేచాయి. నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. అలవాటు మనిషిని అడక్కుండా కాళ్లలో కూర్చుని ఉంటుంది. రెండు చేతుల్తో తొట్టి గట్టు పట్టుకున్నాను.

"అమ్మా, నేను బయటికి పోతున్నా."

నేను పలకలేదు. కిమి గారు నన్నొకసారి చూసింది. తర్వాత గోడ వైపు తలెత్తి, ఇస్త్రీ కొట్టులో చొక్కా ఎవరిదని అడిగే గొంతుతో, "ఏ అమ్మ బాబూ? ఇక్కడ ఆరుగురు అమ్మలున్నారు. పేరు చెప్తే పంపిస్తాం" అంది.

మా వైపు నవ్వులు. అటు వైపు కూడా ఎవరో మగవాడు నవ్వాడు. గోడ అడ్డమున్నా ఆయన మొహం నాకు కనిపిస్తూనే ఉంది, చెవుల దాకా ఎర్రబడి. నలుగురి ముందు పెళ్లాం పేరు పలకడం కంటే చన్నీళ్లలో దూకడం తేలిక ఆయనకి. ఇంక వెళ్లిపోతాడు, మాట్లాడడు, ఊరు చేరేదాకా మాట్లాడడు అనుకున్నాను. అనుకుని కూడా లేవలేదు. మేనేజరు బల్ల ముందు కూడా నా గుండె ఇలాగే కొట్టుకుంది, అప్పుడు కూడా కాళ్లు కదపలేదు.

"నత్సుయో" అన్నాడు.

ఎవరి వస్తువో ఇంతకాలం దగ్గర పెట్టుకుని, తిరిగిచ్చేస్తున్నట్టు అన్నాడు.

"ఇక్కడే ఉన్నానండీ మొరిహికో గారూ" అన్నాను. నా గొంతు అంత ఎత్తుకి వెళ్తుందని నాకు తెలియదు. "నాకింకా కాలేదు. మీరు పాలు తాగి గదికి వెళ్లండి. రేపు నేను పడవలకి వెళ్తున్నా."

ఎవరూ నవ్వలేదు. అటూ ఇటూ కుళాయిలు కూడా కట్టేసినట్టున్నారు. గదిలో అయితే టీవీ పెట్టేవాడు. ఇక్కడ టీవీ లేదు, ఇరవై జతల చెవులున్నాయి.

"మరి నేను?" అన్నాడు.

ఆ రెండు మాటల్లో కోపం లేదు. దారి తప్పినప్పుడు ఆగిపోయే మనిషి గొంతు అది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ గొంతు కోసమే పరిగెత్తాను. ఆ క్షణంలో జాలి కూడా వేసింది, అబద్ధం చెప్పను. కానీ లేవలేదు.

"కోట ఉందిగా. దారి తెలియకపోతే అడగండి, చెప్తారు. పడవలకి వస్తానంటే రండి."

గోడ అవతల బకెట్ నేల మీద పెట్టిన చప్పుడు. తలుపు చప్పుడు వినపడలేదు, ఆయన వెళ్లలేదు. కిమి గారు వేడినీళ్ల కుళాయి కొంచెం తిప్పి, ఆ నీళ్లని చేత్తో నా వైపు తోసింది.

చివరికి గోడ మీంచి, నిన్నటి గొంతు కాదు, ఇంకేదో గొంతు, జాగ్రత్తగా దిగింది.

"పడవ ఎన్నింటికి?"

ఆయన నాకెప్పుడూ టైము చెప్పడమే. అడగడం ఇదే మొదలు. నేను గడ్డం దాకా నీళ్లలోకి జారాను.

"నా నిద్ర తీరినప్పుడు" అన్నాను.