సున్నాల పుస్తకం

ఆస్పత్రి మెట్లెక్కుతున్నంతసేపూ భర్త ఎడమచేతిని ఆమె తన సంచి చాటున దాచే ఉంచింది. పొద్దున ఆయన పొయ్యి మీది టీ గిన్నెను వట్టిచేత్తో దించాడు. దించి, రెండు గ్లాసుల్లోకి తీరిగ్గా వంచి, "చల్లారకముందే తాగవే" అని పిలిచాడు కూడా. చర్మం కాలిన వాసనకు ఆమె పరుగెత్తుకొచ్చి చూస్తే అరచెయ్యంతా బొబ్బ. ఆయనకు మాత్రం ఒకటే బెంగ.

"ఎవరితోనూ అనకు. అన్నావంటే నన్ను తీసేస్తారు," అన్నాడు గుడ్డ కట్టించుకుంటూ.

ముప్ఫై ఏడేళ్ళు ఇనుము చెక్కే లేత్ మిషను మీద పనిచేసిన మనిషి. వీధంతా టర్నరుగారనే పిలుస్తుంది. ఇనుపకడ్డీ మీద వేలు ఆనించి వెంట్రుకవాసి తేడా చెప్పేవాడు. ఆ కర్మాగారంలో ప్రతి శనివారం సాయంత్రం మేస్త్రీ గుమ్మంలో నిలబడి, "ఎవరికైనా ఒంట్లో నలతగా ఉందా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవాడు. ఉందన్నవాళ్ళకు సోమవారం నుంచి పని ఉండేది కాదు. అందుకని వేలు నలిగినా, నడుం పట్టేసినా, కంట్లో ఇనుపరజను పడినా, "బాగానే ఉందండీ" అని అందరూ ఒక్క గొంతుతో అనేవారు. కూటి కోసం నేర్చుకున్న ఆ అబద్ధం ఆయన ఒంటికి పట్టేసింది.

రెండేళ్ళ కిందట ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ ఇప్పుడు వెన్నెముకలోకి, తుంటిలోకి పాకింది. ఉన్న మందులు ఒక్కొక్కటే పనిచెయ్యడం మానేశాక, ఈ ఆస్పత్రిలో కొత్త మందును రోగుల మీద పరీక్షిస్తున్నారని తెలిసి వచ్చారు. సగంమందికి ఎప్పుడూ ఇచ్చే కీమో ఒక్కటే. మిగతా సగంమందికి దానితో కలిపి ఆ కొత్త మందు. ఎవరికి ఏదన్నది కంప్యూటరు తేలుస్తుంది. మూడు వారాలకోసారి స్టాండుకు వేలాడే సీసాలను బట్టి రోగులే తమకు తాము పేర్లు పెట్టుకున్నారు, ఒంటిసీసావాళ్ళు, జంటసీసాలవాళ్ళు అని. టర్నరుకు జంటసీసాలు వచ్చినరోజు ఆమె లాటరీ తగిలినంత మురిసిపోయింది. బయట కొనాలంటే ఒక్క సీసాకే ఆమె నాలుగు నెలల జీతం చాలదు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషికి అదెక్కడి మాట?

ఇక్కడ మందు ఉచితం. బదులుగా రోజూ ఒక పుస్తకం నింపాలి. నొప్పి ఎంత, వాంతి ఎంత, వేళ్ళలో తిమ్మిరి ఎంత అన్నదానికి సున్నా నుంచి పది వరకు అంకె వెయ్యాలి. అంకె పెరిగితే కొత్త మందు ఆపేస్తారని చేరినరోజే చెప్పారు. మూడో విడత అయ్యేసరికే ఆయన పెన్ను పట్టలేకపోయాడు. అప్పటినుంచీ ఆయన చెప్పడం, ఆమె రాయడం. "తిమ్మిరి?" అని అడిగేది ఆమె, ఆయన చొక్కా గుండీలు తనే పెడుతూ. "సున్నా వెయ్యి" అనేవాడు ఆయన.

ఆమెకు తెలియక కాదు. ఆయన బతకాలంటే రెండు సీసాలూ ఉండాలి, రెండు సీసాలూ ఉండాలంటే సున్నాలు ఉండాలి. తన మొగుడు, తన పుస్తకం, మధ్యలో ఎవరికి నష్టం అనుకుంది.

కీమో గది బయట బెంచీ మీద, ప్రతి విడతకీ కలిసే పోస్టుమాన్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఒంటిసీసా మనిషి. పోయినసారికీ ఇప్పటికీ సగమయ్యాడు గానీ నోరు మాత్రం తగ్గలేదు.

"రండి మహారాజుగారూ! రెండేసి సీసాలు ఎక్కించుకునేవాళ్ళు, మా వంటి వాళ్ళ పక్కన కూర్చుంటారా అసలు?"

టర్నరు కట్టు కట్టిన చేతిని జేబులోకి తోసి నవ్వాడు.

"చెల్లెమ్మా, నీకో మంచి కబురు," అన్నాడు పోస్టుమాన్ ఆమె వైపు తిరిగి. "మీ జంటసీసాలవాళ్ళు బాగా తట్టుకుంటున్నారట. వచ్చే నెలలో చేరేవాళ్ళకి ఆ రెండోది ఇంకాస్త పెంచి ఇస్తారట. మా తమ్ముడు పేరిచ్చాడు. వాడికీ ఇదే రోగం, ఒక్క కడుపున పుట్టాం కదా! మొదట్లో ససేమిరా అన్నాడు. ఈ బావగారి సంగతి చెప్పాకే ఒప్పుకున్నాడు."

ఆ పుస్తకాన్ని ఇంకెవరో చదువుతారని, చదివి ఇంకొకరి నరంలోకి మందు కొలుస్తారని అంతవరకూ ఆమెకు తోచలేదు.

లోపలికి పిలిచారు. పుస్తకాలు చూసే అమ్మాయి గబగబా పేజీలు తిప్పింది. చెడ్డపిల్ల కాదు. ఆ పూట ముప్ఫై పుస్తకాలు చూడాలి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని చూసే తీరిక ఆ పిల్లకు ఎవరూ ఇవ్వలేదు.

"బాబాయిగారూ, మీ పుస్తకం చూస్తే ప్రాణం లేచొస్తుంది. అన్నీ సున్నాలే! ఎలా ఉంది ఒంట్లో?"

"బాగానే ఉందమ్మా."

"పిన్నిగారూ, రాసింది మీరు కాబట్టి ఇక్కడ మీ సంతకం. ఇవాళే పైకి పంపాలి. వీటిని బట్టే కొత్తవాళ్ళకి ఎంత ఇవ్వచ్చో తేలుస్తారు."

ఆమె పెన్ను తీసుకుంది. బయట పోస్టుమాన్ ఎవరితోనో తమ్ముడి గురించి చెబుతున్నాడు. ఆమె పెన్నును బల్ల మీద పెట్టేసింది.

"పెట్టను," అంది.

"ఏమే, అవతల సీసాలు ఎక్కించే నర్సు పిలుస్తోంది, పెట్టు," అన్నాడు టర్నరు.

"పెట్టనండీ. ఇవన్నీ అబద్ధాలమ్మా. రెండు నెలలుగా ఈయన వేళ్ళలో స్పర్శ లేదు. పొద్దున చెయ్యి కాలినా తెలియలేదు. ఈ చేతులతో నేనే రాశాను. తిడితే నన్ను తిట్టు."

అమ్మాయి పుస్తకం మూసేసింది. "అయ్యో... అలాగైతే రెండోది ఆపెయ్యాలి పిన్నిగారూ. మొదటిది కూడా ఇవాళ ఇస్తారో లేదో, డాక్టరుగారిని అడగాలి."

"రెండూ ఆపేస్తే? ఆ తర్వాత ఏమిస్తారు?" అంది ఆమె.

అమ్మాయి డాక్టరుగారికి చెయ్యడానికి ఫోను అందుకుంది.

టర్నరు లేచాడు. నొప్పితో వంగిపోయిన వెన్నును ఎలాగో నిటారుగా నిలబెట్టాడు.

"ఆవిడ ఉత్త భయస్తురాలమ్మా, పట్టించుకోకు," అన్నాడు తన కూతురికన్నా చిన్నదైన ఆ పిల్లతో. "నేను పనికొస్తాను. ఇంకో వారం చూడండి కావాలంటే. నన్ను మాత్రం తియ్యకండి."

అమ్మాయి ముఖం మీదినుంచి చూపు తిప్పకుండానే బల్ల మీది పెన్నును కుడిచేత్తో తీశాడు. అది రెండు వేళ్ళ మధ్య నుంచి జారి, చప్పుడు లేకుండా భార్య ఒళ్ళో పడింది. ఆయనకు తెలియలేదు. పెన్ను పట్టుకున్నట్టే ముడుచుకున్న ఆ ఖాళీ వేళ్ళను ఆమె వైపు చాపాడు.

"ఇదిగో, పెట్టవే," అన్నాడు.