తడిగుడ్డ చేసిన నేరం

ఆ ఇంట్లో పెద్దల్లుడిని అందరూ డాక్టరుగారు అనేవారు. అతను చదివింది వైద్యం కాదు. పనిచేసేది ఒక మందుల గోదాములో, వచ్చే సరుకూ పోయే సరుకూ చూసుకునే ఉద్యోగం. కాకపోతే బంధువుల్లో ఎవరి కంప్యూటర్ మూలిగినా కబురు అతనికే వెళ్లేది. అతను వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నాడి చూసినంత గంభీరంగా అటూ ఇటూ కెలికి, చివరికి ఒకసారి ఆపి మళ్లీ వేసేవాడు. సగం రోగాలు దానికే కుదిరేవి. మిగతా సగం గురించి ఎవరూ నిలదీయరు, అల్లుడు కదా.

ఈసారి రోగి మరదలి కంప్యూటర్. ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని నెట్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. క్లాసుకూ క్లాసుకూ మధ్య కాస్త నడుం వాల్చి వచ్చేసరికి అదీ నిద్రపోతుంది. మౌస్ కదిపితే లేస్తుంది, తెర వెలుగుతుంది, నెట్ మాత్రం రాదు. పక్కనున్న ఫోనులో నిక్షేపంగా వస్తుంది, దీనికే రాదు. పూర్తిగా ఆపి మళ్లీ వేస్తే వస్తుంది గానీ, ఈలోగా అవతల పిల్లలు చెల్లాచెదురవుతారు.

ఈ సంగతి మొదట ఫోనులో చెప్పినప్పుడు డాక్టరుగారు భోజనం దగ్గర ఉన్నాడు. నోట్లో ముద్ద నములుతూనే, "దాన్ని ఎవరైనా తడిగుడ్డతో తుడిచారా?" అని అడిగాడు.

తుడిచింది అత్తగారు. ఆవిడకు దుమ్మంటే ఒంటి మీద జెర్రి పాకినట్టే.

"అదీ సంగతి! లోపలికి చెమ్మ దిగుంటుంది" అనేశాడు. తెలియదని చెప్పడం ఇష్టంలేక అన్న మాట అది. అని, మజ్జిగ కలుపుకున్నాడు.

ఆ మాట ఆ ఇంట్లో ఏం చేసిందో, స్వయంగా చూడటానికి వచ్చిన రోజున తెలిసింది. అత్తగారు కాఫీ తెచ్చి గది గుమ్మంలోనే ఆగిపోయారు. కప్పు కూతురి చేతికిచ్చి, అతనికి అందించమన్నారు.

"లోపలికి రండి అత్తయ్యగారూ."

"వద్దు బాబూ. నా చెయ్యి తగిలితే చాలు, అది పడకేస్తోంది."

"ఎన్నిసార్లు చెప్పాను బావా, ముట్టుకోకమ్మా అని! వింటేగా?" అంది మరదలు, తల్లి వైపు చూడకుండా. "రేపు పైవాళ్లు నా క్లాసు చూస్తారు. ఉంచుతారో పంపేస్తారో రేపే తేలుతుంది. మధ్యలో నెట్ పోయిందంటే నా ఉద్యోగం గోవిందా."

అత్తగారు, ఆ వయసు మనిషి, పెత్తనమంతా చేసిన మనిషి, బడిలో దెబ్బ తిన్న పిల్లలా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. అప్పుడు చూశాడతను గదిని. కిటికీ చువ్వల మీదా బల్ల మీదా దుమ్ము పేరుకుంది. ఆవిడ ఉన్న ఇంట్లో దుమ్ము చూడటం అతనికి అదే మొదలు.

కాఫీ పక్కన పెట్టి పనిలో పడ్డాడు. కంప్యూటర్‌ని నిద్రపుచ్చి లేపాడు. నెట్ లేదు. లోపలి పరికరాల జాబితా తెరిచి, వైఫై కార్డు పేరు మీద నొక్కి, కరెంటు పొదుపు అని ఉన్న పేజీకి వెళ్లాడు. అక్కడ ఒక చిన్న గడి, అందులో టిక్కు. పొదుపు కోసం ఈ పరికరాన్ని కంప్యూటర్ ఆపేయవచ్చు అని దాని అర్థం. ఆపడం ఆపుతోంది, లేచాక దాన్ని లేపడం మరిచిపోతోంది.

ఆ టిక్కు తనదే. పోయినసారి వచ్చినప్పుడు ఫ్యాను రొద పెడుతోందని మరదలంటే, "దీనికి కాస్త పొదుపు నేర్పుతానుండు" అంటూ, కనబడ్డ గడిలోనల్లా టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. చదివి పెట్టాడా అంటే అదీ లేదు. అతని చెవులు వేడెక్కాయి.

టిక్కు తీసేశాడు. నిద్రపుచ్చి లేపాడు. నెట్ వచ్చింది. మళ్లీ చేశాడు, మళ్లీ వచ్చింది.

"డాక్టరుగారా, మజాకా!" అని మరదలు చప్పట్లు కొట్టింది. "అయితే చెమ్మ పోయినట్టేనా బావా?"

చెప్పాల్సింది అప్పుడే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చప్పట్ల తియ్యదనం పాడుది.

"ఆ... ఆరిపోయింది" అన్నాడు.

గుమ్మంలోంచి అత్తగారు చేతులు జోడించారు. "చల్లగా ఉండండి బాబూ. నా మూలంగా దాని నోటి దగ్గర కూడు పోతుందేమోనని కంటి మీద కునుకు లేదు." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తనకన్నా పెద్దావిడ, చెయ్యని తప్పుకు తనకే దణ్ణం పెడుతోంది. భూమి చీలితే దిగిపోదామనిపించింది అతనికి.

"అత్తయ్యగారూ, చెమ్మా లేదు, గాడిదగుడ్డూ లేదు. పోయినసారి నేనే ఇందులో ఒక టిక్కు పెట్టాను. దానివల్లే ఇదంతా. తప్పు నాది. ఇప్పుడు కూడా అబద్ధమే చెప్పాను."

తల్లీకూతుళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. మరదలు పకపకా నవ్వింది.

"నీకు నటన రాదు బావా! అమ్మ ఏడుస్తోందని నీ నెత్తినేసుకుంటున్నావు."

"నాకు తెలియదుటే?" అన్నారు అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. "ఎదుటివాళ్ల తప్పు కడుపులో దాచుకునే మనిషి."

"నిజమండీ బాబూ! కావాలంటే మళ్లీ టిక్కు పెట్టి చూపిస్తాను, నెట్ పోతుంది."

"అమ్మో, నీకు పుణ్యం ఉంటుంది, బాగైనదాన్ని కెలక్కు. రేపు నా క్లాసు!" మరదలు మౌస్ లాగేసుకుంది.

అతను లేచి వంటింట్లోకి వెళ్లాడు. గుడ్డ తడిపి, పిండీ పిండకుండానే పట్టుకొచ్చాడు. మరదలు అరుస్తున్నా వినకుండా తెర తుడిచాడు, పెట్టె తుడిచాడు, బల్లంతా తుడిచాడు. చొక్కా ముందంతా తడిసింది. కంప్యూటర్‌ని నిద్రపుచ్చి లేపాడు. నెట్ వచ్చింది.

"చూశారా అత్తయ్యగారూ? తడిగుడ్డతో ఏమీ కాదు. రండి, మీరే తుడవండి" అని గుడ్డ చాచాడు. గొంతులో బతిమాలడం అతనికే వినిపించింది.

ఆవిడ ఆ గుడ్డ వైపు చూశారు. చేతులు వెనక్కి పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశారు.

"మీ హస్తవాసి వేరు బాబూ" అన్నారు.