మలుపు దగ్గర బీరువా

నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో ఓ పాత లాడ్జి ఉంది. దాని మెట్ల మలుపు దగ్గర ఒక ఇనుప బీరువా ఇరవై ఎనిమిదేళ్లు ఉండిపోయింది. ఆ మెట్లెక్కి దిగినవాళ్లెవరికీ అది కాలికి తగల్లేదు, కంటికీ కనపడలేదు. ఎందుకంటే అది నాటకంలోని బీరువా. అక్కడ ఉందని తెలిసింది ఇద్దరికే. ఒకణ్ణి నేను, అమరేశ్వరరావుని, రికార్డుల ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. రెండోవాడు బాలమల్లు, బేగం బజార్ హమాలీ.

పోయిన డిసెంబరులో భవ్యశ్రీ అనే అమ్మాయి మా తలుపు కొట్టకపోతే ఈ సంగతి మాతోనే పోయేది. ఆమె చేతిలో ఓ కరపత్రం ఉంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు అమ్మే పాత పుస్తకాల్లో, ఏదో వారపత్రిక మధ్యలో దొరికిందట. "బీరువా: మాటల్లేని నాటకం" అని పైన, కింద మా ఇద్దరి పేర్లు. నా పేరు పెద్దక్షరాల్లో, బాలమల్లు పేరు చిన్నక్షరాల్లో. అచ్చు వేయించింది నేనే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

"అంకుల్, మేం ఫ్రింజ్ ఫెస్టివల్ చేస్తున్నం. ఆడిటోరియాలు గిట్ల ఏం లేవు. మూతపడ్డ లాడ్జి, ప్రెస్సు షెడ్డు, మిద్దెలు, మెట్లు, ఏడ జాగ దొరికితే ఆడ. అన్నీ ఫిజికల్ థియేటర్ షోలే. డైలాగులుండవ్, బాడీతోనే కథ చెప్పాలె. మీరు ఎప్పుడో చేసిన్రంట గదా?"

"మేం చేసినప్పుడు దానికి ఈ పేర్లేం లేవమ్మా. నాటకోత్సవంలో మాకు చోటివ్వలేదు. మెట్ల మీద చేసుకున్నాం."

"గదే ఫ్రింజ్ అంటే," అని పకపకా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. మేం పడిన అవమానానికి ఇంత పొట్టి పేరు ఉందని అప్పుడే ఎవరైనా చెప్పి ఉండొచ్చు కదా.

మా నాన్నది బాపట్ల. యాభై ఆరులో ఆఫీసులతో పాటు ఈ ఊరొచ్చి కాచిగూడలో కిరాయి ఇంట్లో దిగాడు. నేనిక్కడే పుట్టాను. చిన్నప్పటి నుంచీ నాకు నాటకాల పిచ్చి. గొంతు ఖంగుమనేది. కానీ ఏ వేషం కట్టినా ద్వారబంధంలా నిలబడేవాణ్ణి. పోటీకి వెళ్లిన ప్రతిచోటా జడ్జీలు ఇదే మాట అనేవారు. వాళ్లకి నాటకం తెలియదని ఇంటికొచ్చి తిట్టుకునేవాణ్ణి.

ఎనభై తొమ్మిదిలో మా ఆఫీసు కింది అంతస్తులోకి నీళ్లొచ్చి, బీరువాలన్నీ రెండో అంతస్తుకి ఎక్కించాల్సి వచ్చింది. బేగం బజార్ నుంచి హమాలీలు వచ్చారు. వాళ్లలో బాలమల్లు ఒకడు. సన్నగా, నల్లగా, తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. బీరువా ముందు నిలబడి, దాన్ని ముట్టుకోకుండా కాసేపు చూసి, అప్పుడు వంగేవాడు. ఎత్తుతుంటే అతని కాలి బొటనవేలి నుంచి మెడ దాకా ఒకే కదలిక. మూడు రోజులు నేను ఒక్క ఫైలు ముట్టుకుంటే ఒట్టు. నాలుగో రోజు సిగ్గు విడిచి అడిగాను, నాకు నేర్పమని.

"మోసుడు గూడ నేర్చుకునేదా సారూ?" అని నవ్వాడు. కానీ వచ్చాడు.

ఐదు దాటాక ఆఫీసు మిద్దె మీద సాధన చేసేవాళ్లం. లేని బీరువాని ఇద్దరం కలిసి లేపడం. అంతే పని. మొదటి ఏడాదంతా నేను లేపుతుండగానే అతను చేతులు దులుపుకుని పక్కకి వెళ్లేవాడు.

"గాలిని మోస్తున్నవ్ సారూ. ముందుగాల బీరువాను సూడు. దాంట్ల ఏమున్నదో తెలవకుంటె ఎట్ల ఎత్తుతవ్?"

అలా ఆ బీరువా తయారైంది. ముదురాకుపచ్చ రంగు. కింది అర వంగింది. ఎడమ తలుపుకి తాళం పడదు, అందుకని ఎప్పుడూ కుడివైపుకే వంచి మోయాలి. లోపల కలరా ఉండల వాసన. ఇంకో ఆరునెలలు పోయాక ఆ వాసన నాకు నిజంగానే వచ్చింది. సాధన అయ్యాక మొజంజాహీ మార్కెట్‌కి నడిచి సీతాఫలం ఐస్‌క్రీం తినేవాళ్లం. బస్తాలెత్తే ఆ చేతుల్లో ప్లాస్టిక్ చెంచాని అతను పట్టుకునే తీరు చూసి నేను నవ్వేవాణ్ణి. నా జీవితంలో అంత హాయి మళ్లీ దొరకలేదు. పెళ్లినాటి ఫొటోల్లో కూడా నేనంత నవ్వి ఉండను.

బరువు మోసేవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. మెట్ల మీద పైవాడు వెనక్కి ఎక్కుతాడు, దారి అతను చూసుకోవాలి. కిందివాడి మీదే బరువంతా ఉంటుంది, బీరువా అడ్డం కాబట్టి అతనికి ఏమీ కనపడదు. అందుకని కిందివాడు "దించు" అనేదాకా పైవాడు చెయ్యి తియ్యకూడదు. పాము కనపడినా తియ్యకూడదు. మా నాటకంలో ఉన్న ఒకే ఒక్క మాట అదే. ఇరవై నిమిషాలు మాటల్లేకుండా ఇరవై రెండు మెట్లెక్కి, పైన కిందివాడు "దించు" అనడంతో అయిపోతుంది. కిందివాడు ఎప్పుడూ బాలమల్లే.

నాటకోత్సవానికి స్క్రిప్టు మూడు ప్రతులు పంపమన్నారు. పైన "బీరువా" అని, పేజీ చివర "దించు" అని రాసిన తెల్లకాగితాలు మూడు పంపాను. మిగతా పేజీలు కలపడం మర్చిపోయారని ఉత్తరం వచ్చింది. ఆ కసితో ఈ లాడ్జి మెట్లు పట్టాం. లాడ్జి ఓనరుకి మా పిచ్చి నచ్చింది. జనం కింది మెట్ల మీదా పైన వరండాలోనూ నిలబడి చూసేవారు. రైలుకి టైముందని వచ్చినవాళ్లు రైలు వదులుకున్న రోజులున్నాయి.

తొంభై ఆరు ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం. మలుపు దాటి రెండో వరసలో నాలుగో మెట్టు మీదున్నాం. వెనక్కి ఎక్కుతున్నాను కాబట్టి వీధి గుమ్మం నాకు కనపడుతోంది. గుమ్మంలోంచి మా ఆఫీసు పెద్ద సారు లోపలికొచ్చాడు. ఆయన నా నాటకం చూడ్డానికి వస్తాడని కలలో కూడా అనుకోలేదు.

రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను.

గుమాస్తా చేతులు కదా, అలవాటు. పైన పట్టు వదిలేసేసరికి బీరువా బరువంతా బాలమల్లు మీద పడింది. చూసినవాళ్లెవరైనా అదే చెబుతారు. అతని మోకాళ్లు వంగాయి, ఛాతీ నొక్కుకుపోయింది, దొర్లుకుంటూ మలుపు దాకా పడ్డాడు. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. నేను కూడా అప్పటికప్పుడు కల్పించాడనుకుని, భలే చేశాడే అని మెచ్చుకుంటూ దిగి, పెద్ద సారు దగ్గరికెళ్లి ఆయన పొగడ్తలు వింటూ నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూసేసరికి బాలమల్లుని ఎవరో ఆటో ఎక్కిస్తున్నారు.

మోకాలి చిప్ప పగిలింది. మర్నాడు బత్తాయిలు పట్టుకుని దవాఖానకి వెళ్లాను. కాలి సంగతి అతను ఎత్తలేదు.

"బీరువా ఇడిచినవ్ సారూ," అన్నాడు.

తప్పయిపోయిందని ఒక్కమాట అంటే సరిపోయేది. నా నోటికి తెగులు.

"అక్కడ బీరువా లేదు కదా బాలమల్లూ," అన్నాను.

అతను బత్తాయిలు పక్కకి జరిపాడు. "లేదా? మరి ఏడేండ్ల సంది ఏం మోసినం?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అదే ఆఖరు మాట. మా ఇంటి నుంచి బేగం బజార్‌కి నడిస్తే ఇరవై నిమిషాలు. ఇరవై ఎనిమిదేళ్లలో మిరపకాయలకి కూడా ఆ బజారు మొహం చూడలేదు. ఇంట్లో అడిగితే అక్కడ ఘాటు నాకు పడదని చెప్పేవాణ్ణి.

ఇదంతా భవ్యశ్రీకి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "అంకుల్, ఆయన లేకుంటె షో వద్దు. ఫస్ట్ మీరు వొయ్యి కలువుండ్రి," అంది. పిల్ల చిన్నదే కానీ ఎక్కడ నొక్కాలో తెలిసిన పిల్ల. నాక్కూడా అప్పుడు తెలిసింది, నేను కోరుకుంటున్నది నాటకం కాదని. బాలమల్లు ఇంకొక్కసారి నాతో కలిసి దాని అవతలి కొస పట్టుకోవాలి. అది జరక్కుండా పోతే నా బతుకులో అసలు పని మిగిలిపోయినట్టే.

బేగం బజార్‌లో అతను ఒక కిరాణా గోదాము ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు మోయడం లేదు, మోసేవాళ్లకి మేస్త్రీ. జుట్టు తెల్లబడింది. కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. పక్కన అతని భార్య పోశవ్వ టిఫిన్ డబ్బా విప్పుతోంది. నన్ను గుర్తుపట్టింది ఆమే.

"అగో, బీరువా సారు," అంది.

దారంతా ఏవేవో మాటలు కూర్చుకుని వెళ్లాను. నాటకాలాడినవాణ్ణి కదా, మంచి మాటలే కూర్చాను. అతని కాలు చూసేసరికి అన్నీ పోయాయి.

"బాలమల్లూ," అన్నాను, "బీరువా ఉంది. నాకు అప్పుడూ తెలుసు. పెద్ద సారు ముందు చేతులు ఎత్తినందుకు సిగ్గేసి, లేదన్నాను."

అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు. పోశవ్వ నాకు ఒక స్టూలు లాగింది. గోదాములోకి నాలుగు బస్తాలు వెళ్లాయి.

"గాడనే ఉన్నదా ఇంక?" అన్నాడు చివరికి.

"అక్కడే. మలుపు దగ్గర."

"ఎవలన్న జరిపిన్రేమో అనుకున్న," అన్నాడు. అతని మూతి కొసన నవ్వు కనపడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటని సర్దుకోవడానికి అక్కడ సాక్ష్యం బోలెడుంది.

ఆ లాడ్జి మెట్ల మీదే షో అని చెబితే రెండు షరతులు పెట్టాడు. "కింద మొదటి మెట్టు నుంచి మళ్ల ఎత్తుడు లేదు. ఇడిచిన కాడికెల్లే ఎత్తాలె. పదకొండు మెట్లయితే ఎక్కుత. రెండోది, గీసారి కింద నువ్వుండు. నేను మీద పట్టుకుంట."

ఫ్రింజ్ ఫెస్టివల్లో ఒక్కో బృందానికి ఇచ్చేది నలభై నిమిషాలే. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కాలి. కుర్చీలూ లేవు, తెరా లేదు. భవ్యశ్రీ సైకిల్ బెల్లు మోగిస్తే ఆట మొదలు. మా ముందు ఒకమ్మాయి లేని బిందెతో నీళ్లు మోసింది. బాగానే చేసింది కానీ బరువు నడుం మీద కాకుండా మొహంలో మోసింది. బాలమల్లు నావైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. ఇద్దరం అదే తప్పు పట్టుకున్నామని తెలిసి నాకు పట్టరాని సంతోషమేసింది.

బెల్లు మోగింది. మలుపు దగ్గర నిలబడ్డాం. అతను వంగలేదు. ముందు బీరువాని చూశాడు. దుమ్ము పట్టి ఉంది కాబోలు, తలకి చుట్టిన తువ్వాలు తీసి పైనుంచి కింద దాకా తుడిచాడు. జనంలో ఎవరో నవ్వి, మళ్లీ ఊరుకున్నారు. తర్వాత కుడివైపుకి వంచాం.

కింద ఉండటమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఎదురుగా ఆకుపచ్చ ఇనుము తప్ప ఏమీ లేదు. బాలమల్లు మొహం కనపడదు, మెట్టు కనపడదు. అతను పట్టుకుని ఉన్నాడన్న నమ్మకం ఒక్కటే ఉంది. ఏడేళ్లు ఈ మనిషి నన్ను ఇలా నమ్మాడు. నాలుగో మెట్టు దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. పైనుంచి అతను కొద్దిగా, రెండుసార్లు, తన వైపుకి లాగాడు. ఎక్కాను.

జనం ఫోన్లెత్తి పట్టుకున్నారు. వరండాలో ఎవరో "మల్లన్నా!" అని పిలిచారు. అతని హమాలీలే అయి ఉంటారు. అతను తల కూడా తిప్పలేదు. ఒక్కో మెట్టు మీదా కుడికాలికి ఊపిరి తీసుకునే టైమిస్తూ ఎక్కాడు.

పదకొండో మెట్టు. వరండా. బీరువా నిలబెట్టాల్సిన గోడ వచ్చేసింది. ఇక నేను ఆ ఒక్కమాట అనాలి.

అనలేకపోయాను. అంటే అయిపోతుంది. నాకు అరవై రెండు, అతని కాలు అలాంటిది, మళ్లీ ఎత్తేది లేదు. భుజాలు వణుకుతున్నాయి, చెమట కళ్లలోకి కారుతోంది, అయినా పట్టుకునే ఉన్నాను. అవతలి కొసన అతనూ చెయ్యి తియ్యలేదు.

"సారూ," అన్నాడు చివరికి మెల్లగా, "జర చెప్పు. చేతులు గుంజుతున్నయ్."

నాటకంలో లేని మాట అది. నేను ఏడ్చేశాను.

"దించు," అన్నాను.

దించాం. ముందు బీరువా కుడి కాళ్లు, తర్వాత ఎడమవి. చప్పుడు రాకుండా. బాలమల్లు తలుపు మీద ఒకసారి అరచెయ్యి వేసి చూసుకుని, నావైపు తిరిగాడు.

"ఇగ పెట్టు నమస్తే. ఎవలకు పెడతవో పెట్టు."

జనం గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. నేను వాళ్లవైపు తిరగలేదు. రెండు చేతులూ ఎత్తి బాలమల్లుకి పెట్టాను.

అతను తువ్వాలు మళ్లీ తలకి చుట్టుకున్నాడు.

"చాలు తియ్," అన్నాడు. "మోకాలు పట్టింది. చెయ్యియ్యి, కిందికి దిగాలె."

చెయ్యి ఇచ్చాను. ఇరవై రెండు మెట్లూ దిగాం.